పెట్రోలు వెల, ఆక్టేను సంఖ్య, కారు మైలేజీ

ఈ కాలమున పెట్రోలుతో నిమిత్తము లేని యిల్లు అరుదు. మోటారు సైకిలుపై పనికి బోవు తండ్రికిని, పిల్లలను పాఠశాలకు జేర్చు ఆటో నడుపువారికిని, కూరగాయలను సంతకు దెచ్చు వర్తకునికిని దాని వెలలోని హెచ్చుతగ్గులు నేరుగా తగులుచుండును. అట్లయ్యును, ఆ వెల యెట్లేర్పడునో, బంకులో సాధారణపు పెట్రోలు ప్రక్కన హెచ్చు వెలకు అమ్మబడు ‘ప్రీమియం’ పెట్రోలులో నిజముగా నేమి గలదో యెరిగినవారు కొలదిమందియే. ఈ రెండు సంగతులను దెలిసికొనుట గృహస్థునకు లాభకరము. విద్యార్థికో, రసాయన శాస్త్రమును గణితమును నిత్యజీవితమున నెట్లుపయోగపడునో చూపు పాఠము.

మొదట వెల సంగతి విచారింతము. మన దేశము తనకు వలయు ముడి చమురులో అధిక భాగమును పరదేశములనుండి కొనుచున్నది. ఆ చమురు పీపాల లెక్కను, డాలర్లలో విక్రయింపబడును. పీపా యనగా సుమారు 159 లీటర్లు. కావున చమురు వెల పెరిగినను, డాలరుతో బోల్చినపుడు రూపాయి విలువ తగ్గినను మనకు భారము హెచ్చును. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు కొన్ని రాజ్యములకు చమురు పంపుట మానగా, పీపా వెల కొలది నెలలలోనే సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల దరిదాపునకు పెరిగి ప్రపంచమంతయు తల్లడిల్లెను. ఇందుకు విపరీతముగా 2020 ఏప్రిలు 20వ తేదీన, మహమ్మారిచే ప్రయాణములు నిలిచిపోయి, చమురును నిలువ చేయుటకు చోటు చాలక, అమెరికాలో ఒక రకపు చమురు బేరము సున్నకంటెను దిగువకు బోయెను.

అంతమాత్రమున ఆ దినమున మన బంకులలో పెట్రోలు ఉచితముగా దొరకలేదు. ఏలయన మనము చెల్లించు వెలలో చమురు వెల యొక భాగము మాత్రమే. శుద్ధి చేయు ఖర్చు, రవాణా, కేంద్ర ప్రభుత్వపు ఎక్సైజు సుంకము, బంకు యజమాని కమీషను, రాష్ట్ర ప్రభుత్వపు వ్యాట్ పన్ను దానిపై చేరును. ఈ రాష్ట్రపు పన్ను అంతట నొక్కటి గాకపోవుటచేతనే, పుదుచ్చేరికి జెందిన యానాములో పెట్రోలు పొరుగుననే యున్న కాకినాడలోకంటె చవుకగా దొరకుచున్నది.

2010 జూనులో కేంద్ర ప్రభుత్వము పెట్రోలు ధరను తాను నిర్ణయించుట మానుకొనెను. పిమ్మట పక్షమున కొకసారి ధర మార్చు పద్ధతి యుండెను. 2017 మే 1వ తేదీన అయిదు పట్టణములలో దినదినము ధర మార్చుట ప్రయోగాత్మకముగా నారంభమయ్యెను. వానిలో మన విశాఖపట్టణ మొకటి. అదే సంవత్సరము జూను 16నుండి ఆ పద్ధతి దేశమంతటికిని వ్యాపించెను. అయినను మార్చుట కధికార ముండుట వేరు, మార్చుట వేరు. 2022 ఏప్రిలునుండి 2024 మార్చివరకు కంపెనీలు తమ ధరను కదల్పలేదు. నడుమ 2022 మేలో వెల తగ్గినది కేంద్ర సుంకము లీటరునకు 8 రూపాయలు తగ్గుటచేతనే. ఇట్లు వెల మన స్వాధీనములో లేనిది. ఇక మన స్వాధీనములో నున్నదేమనగా, ఏ పెట్రోలు కొనవలెనో, దానితో నెంతదూరము నడువవలెనో యనునది.

దీనిని గ్రహించుటకు ఇంజను లోపల జరుగునది తెలియవలెను. సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు గలిసి పిస్టనుచే నొత్తబడును. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. మంట ఒక ప్రక్కనుండి క్రమముగా వ్యాపింపవలెను. అట్లుగాక, వేడికిని ఒత్తిడికిని తాళలేక మిగిలిన మిశ్రమము తనంతట తానే భగ్గున మండినచో, లోపల సుత్తితో గొట్టినట్లు టకటక శబ్దము పుట్టును. అది చిరకాలము సాగిన ఇంజను చెడును. మిశ్రమమును ఎంత గట్టిగా నొత్తిన, అంత యెక్కువ పని యా పెట్రోలునుండియే లభించును. కాని ఈ టకటక భయమును అంతకంతకు హెచ్చును.

ఈ ఒత్తిడికి ఏ పెట్రోలు ఎంత తాళగలదో కొలుచుటకు 1926 ప్రాంతమున గ్రాహం ఎడ్గరు అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు ఒక కొలమానము నేర్పరచెను. బాగుగా తాళు ఐసో ఆక్టేనుకు 100, ఏమాత్రము తాళలేని హెప్టేనుకు 0 అని పెట్టెను. 91 ఆక్టేను పెట్రోలనగా, 91 పాళ్లు ఐసో ఆక్టేను, 9 పాళ్లు హెప్టేను గలిపిన మిశ్రమమువలె తాళునదని యర్థము. ఆక్టేను సంఖ్య పెట్రోలు ఓర్పునకు కొలత, బలమునకు గాదు.

దీనికి ఇథనాలే సాక్షి. దాని ఆక్టేను సంఖ్య సుమారు 108. కాని లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి యుండగా, లీటరు ఇథనాలులో 21 మాత్రమే కలదు. 2023 ఫిబ్రవరినుండి మన బంకులలో 20 పాళ్లు ఇథనాలు గలిపిన పెట్రోలు ప్రవేశించినది. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: 80 పాళ్ల పెట్రోలునుండి 25.6, 20 పాళ్ల ఇథనాలునుండి 4.2, మొత్తము 29.8 మెగాజౌళ్లు. అనగా శుద్ధ పెట్రోలుకంటె నూటికి ఇంచుమించు 7 తక్కువ. ఓర్పు పెరిగినది, శక్తి తగ్గినది. శుద్ధ పెట్రోలుకై నిర్మింపబడి 10 పాళ్ల ఇథనాలుకు సవరింపబడిన కార్లలో మైలేజీ నూటికి 6, 7 తగ్గుననియు, 10 పాళ్లకు నిర్మింపబడి 20 పాళ్లకు సవరింపబడిన కార్లలో 1, 2 మాత్రమే తగ్గుననియు నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసెను. పరదేశపు చమురు కొనుగోలు తగ్గించుట, చెరకు మొదలగు పంటల రైతులకు గిరాకి కల్పించుట యను ప్రయోజనములు వేరుగా గలవు.

మరి ప్రీమియం ఎవరికి? అధికమైన ఒత్తిడితోగాని టర్బోతోగాని పనిచేయు ఇంజను హెచ్చు ఆక్టేనును కోరినచో, దానికి అదియే పోయవలెను. తక్కువ ఆక్టేను పోసిన, టకటకను నివారించుటకు ఇంజను నిప్పురవ్వను ఆలస్యము చేసికొనును. దానితో బలమును మైలేజీయు తగ్గును. సాధారణపు పెట్రోలుకై నిర్మింపబడిన ఇంజనుకు హెచ్చు ఆక్టేను వలన లాభము లేదు. మరియు ప్రీమియం పేరిట అమ్మబడు వానిలో కొన్నిట ఆక్టేను పెరుగదు. ఇంజనును శుభ్రపరచు ద్రవ్యములు మాత్రమే చేరియుండును. కావున పేరును జూచి కొనక, కారుతో నిచ్చిన పుస్తకము చదివి, బంకులో ఆక్టేను ఎంతయో యడిగి కొనవలెను.

ఇక లెక్క. ఉదాహరణకు సాధారణపు పెట్రోలు లీటరు 100 రూపాయలు, ప్రీమియం 108 రూపాయలు అనుకొందము. మొదటిదానితో కారు 15 కిలోమీటర్లు నడిచినచో, రెండవదానితో 16.2 నడిచిననే ఖర్చు సమమగును. అట్లు నడుచుచున్నదో లేదో యింటనే పరీక్షింపవచ్చును. ట్యాంకు నిండుగ పోయించి మీటరు అంకె వ్రాసికొని, మరల నిండుగ పోయించునపుడు నడిచిన దూరమును పట్టిన లీటర్లచే భాగింపవలెను. ఒక్కమారు చాలదు, ఒకే త్రోవను మూడు నాలుగుమారులు చూచి సగటు తీయవలెను. ఇట్లు చేసిన కుటుంబము టైర్లలో సరియైన గాలి యుంచుట, నిలకడ వేగమున నడుపుట, ఆగినచోట ఇంజను ఆర్పుట యనువాని విలువను గూడ కనుగొనగలదు.

చేతికి వచ్చిన ధనమును తెలివితో వ్యయపరచుట మంచి గృహనిర్వాహకత్వము. మన విద్యార్థులు ఈ సెలవులలో తమ యింటి బండి లెక్కను ఒక పుస్తకమున వ్రాసి తలిదండ్రులకు జూపుదురు గాక. ఆ లెక్క ప్రతి మాసమును ఇంటికి కొన్ని రూపాయలు మిగిల్చినచో, తాము తరగతిలో నేర్చిన భాగహారము వ్యర్థము గాలేదని వారే గ్రహింపగలరు.