సిగ్నల్ ఆరితే... ముందెవరు?

గాలివానకు కరెంటు పోతే ఇంట్లో కొవ్వొత్తి వెలిగించుకుంటాం. మరి కూడలిలో సిగ్నల్ ఆరిపోతే? నాలుగువైపుల నుంచీ బండ్లు ఒక్కసారిగా దూరతాయి. స్కూటీ మీద వెళ్తున్న ఇల్లాలు కాస్త ఆగిందా, వెనకనుంచి హారన్ల మోత. ఆపైన 'ఆడవాళ్ల డ్రైవింగ్ ఇంతేలే' అనే సన్నాయి నొక్కులు! ఆ మాట పడలేక గుండె చిక్కబట్టుకుని దూసుకుపోయేవాళ్లు కొందరు. ఆ గొడవెందుకని బండినే మూలపెట్టినవాళ్లు మరికొందరు.

నిజానికి ఆగినామె తప్పేమీ చేయలేదు. దీపాలు ఆరినంత మాత్రాన రూల్సు పోవు కదా! 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఈ సంగతి ఉంది.

పోలీసు నిలబడి ఉంటే ఆయన చెయ్యే సిగ్నల్. ఆయనా లేకపోతే, చిన్న రోడ్డులోంచి వచ్చేవాళ్లు మెయిన్‌రోడ్డు బండ్లకు దారివ్వాలి. రెండూ సమానమైన రోడ్లయితే, మన కుడిచేతివైపు నుంచి వచ్చే బండిని ముందు పోనివ్వాలి. కుడివైపే ఎందుకంటారా? మనం రోడ్డుకు ఎడమపక్కన నడుపుతాం. కూడలిలో అడుగుపెట్టగానే మొదట మనకు అడ్డొచ్చేది అటునుంచి వచ్చే బండే. మధ్యలో గుండ్రటి దిమ్మె ఉన్నచోట, అప్పటికే దాని చుట్టూ తిరుగుతున్నవాళ్లదే ముందు వంతు.

ఒక్కోసారి దీపం పూర్తిగా ఆరదు, కొట్టుకుంటూ ఉంటుంది. పసుపైతే నెమ్మదించి జాగ్రత్తగా సాగాలి. ఎరుపైతే పూర్తిగా ఆగి, అటూ ఇటూ చూసుకుని కదలాలి.

మరి నలుగురూ ఒకేసారి వచ్చి ఆగితే? ప్రతివాళ్లకూ కుడిపక్కన ఒకరుంటారు! అప్పుడు ఎవరో ఒకరు చెయ్యి ఊపి 'మీరు వెళ్లండి' అంటేనే ముడి వీడుతుంది. అవతల ఖాళీ లేనప్పుడు మన వంతు వచ్చినా దూరకూడదు. దూరామా, అందరం ఇరుక్కుంటాం. అంబులెన్సుకూ, రోడ్డు దాటే పెద్దవాళ్లకూ, పిల్లలకూ దారివ్వడం మరవద్దు.

ఒక్కమాట. మన వంతే కదా అని, ఎదుటి లారీ ఆగుతుందన్న నమ్మకంతో వెళ్లకండి. అది ఆగిందని కళ్లతో చూశాకే కదలండి.

ఇంట్లో ఆడపిల్ల బండి నేర్చుకుంటోందా? బ్రేకు చూపించిన రోజే 'కూడలిలో కుడివైపు చూడు' అన్న ముక్క కూడా చెప్పండి. రూలు తెలిసినవాళ్లకు రోడ్డంటే సగం భయం పోతుంది.