జింకు కొరవడిన పొలం, నూక పెరిగిన బియ్యం

మిర్యాలగూడ మిల్లులకు చేరే ధాన్యంలో ఖరీదుదారు మొదట చూసేవి తేమ, తాలు, పచ్చిగింజ. ఇవి ఎక్కువైతే నెపం వానమీదనో కోత యంత్రంమీదనో పడుతుంది. భూమిలో జింకు కొరవడటమూ ఒక కారణమేనని వర్తకులు గమనించటం అవసరం.

జింకు చాలని మడిలో నాట్లయిన రెండు నుంచి నాలుగు వారాలకు ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు వస్తాయి. పిలకలు తగ్గుతాయి. పైరు అక్కడక్కడ గిడసబారి, చేనంతా ఒక్కసారిగా పండదు. కోసినపుడు పండిన గింజతో పచ్చిగింజ కలిసి వస్తుంది. అది మరలో నిలవక నూక అవుతుంది. రైతుకు బస్తాలు తగ్గుతాయి, మిల్లరుకు నిండు బియ్యం తగ్గుతుంది. ఉత్తరాదిన ‘ఖైరా’ అని పిలిచే ఈ జబ్బుకు మూలం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో డాక్టర్ వై.ఎల్. నేనే గుర్తించారు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2002-04 మధ్య ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల రైతుల పొలాలలో పరిశీలన జరిపింది. అధిక భాగం పొలాలలో గంధకం, బోరాన్, జింకు మూడూ చాలవని తేలింది. హెక్టారుకు 30 కిలోల గంధకం, అర కిలో బోరాన్, 10 కిలోల జింకు అందించిన మొక్కజొన్న, ఆముదం, వేరుశనగ, పెసర చేలలో దిగుబడి పెరిగింది. అవి మెట్ట పైర్లు. అయితే అటువంటి చెలకలే బోర్ల కింద, కాలువల కింద వరి మళ్ళుగా మారాయి. నీరు నిలిచిన నేలలో జింకు పైరుకు సరిగా అందదు. వానాకాలం, యాసంగి రెండూ వరే వేయటం, భాస్వరం మితిమీరటం, పశువుల ఎరువు తగ్గటం ఈ లోపాన్ని పెంచుతాయి.

విరుగుడు ఖరీదైనది కాదు. ఆఖరు దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు వేయాలి. దీనిని భాస్వరం ఎరువులతో కలపరాదు. మచ్చలు కనిపించిన పైరుకు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, అయిదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి.

ఎరువుల వర్తకులకు చిక్కు కల్తీతోనే. 21 శాతం జింకు ఉండవలసిన హెప్టాహైడ్రేటు రకానికీ, చవకైన మెగ్నీషియం సల్ఫేటుకూ చూపులో తేడా తెలియదు. డి.ఎ.పి. కరిగించిన నీటిలో సరుకు కరిగించిన నీరు పోసి చూడవచ్చు. అసలు సరుకైతే చిక్కని మడ్డి ఏర్పడుతుంది, మెగ్నీషియం సల్ఫేటైతే ఏర్పడదు. సందేహముంటే నమూనాను ప్రయోగశాలకు పంపటం క్షేమం.

నాట్లకు ముందు అమ్మిన కల్తీ సరుకు నష్టం కోతలనాడు అదే బజారులో తూకానికి వస్తుంది. ఎరువు అప్పిచ్చి ధాన్యం తీసుకునే అడ్తీదారులు, జింకు వివరం కూడా ఉన్న భూసార పరీక్ష చీటీ చూసి సరుకు ఇవ్వటం ఉభయులకూ లాభం.