తాళపుచెవి లోపల నుండరాదు



చిన్నతనమున నేనొక పొరపాటు చేసితిని. మా కొట్టుగది తాళము నొక్కినంతనే పడునది. తాళపుచెవిని లోపల గాదెపై నుంచి, తలుపు మూసి తాళము నొక్కితిని. ధాన్యమును లోపలనే, తాళపుచెవియు లోపలనే. కమ్మరి వచ్చి కొండి కోయువరకు ఆ పూట పొయ్యి వెలుగలేదు. నేటి కంప్యూటర్ల నిర్వహణమందును ఇట్టి పొరపాటే జరుగుచున్నది.

పూర్వ మొక్కొక్క పనికి నొక్కొక్క యంత్ర ముండెడిది. ఇప్పుడు పెద్ద మండువా యింట పలు కుటుంబములు వాటాలలో నున్నట్లు, ఒక యంత్రముననే పెక్కు వర్చువల్ సర్వర్లు నడచుచున్నవి. వానిపై పెత్తనము చేయు సర్వరును గూడ అందే యొక వాటాలో నుంచుదురు. ఖర్చు తగ్గును. కాని యన్నియు నాగిన నాడు చిక్కు వచ్చును: నెట్‌వర్కును చక్కబరచుటకు ఆ సర్వరు కావలెను, ఆ సర్వరును చేరుటకు నెట్‌వర్కు కావలెను.

2021 అక్టోబరు 4వ తేది రాత్రి మనదేశమున తొమ్మిది గంటలు దాటిన పిమ్మట ఫేస్‌బుక్, వాట్సాప్‌లు లోకమంతట నిలిచిపోయినవి. మరమ్మతువేళ నిచ్చిన యొక యాజ్ఞవలన ఆ సంస్థ డేటా కేంద్రముల నడిమి మార్గములన్నియు తెగెను. చక్కబరచు సాధనములును ఆ మార్గములనే నమ్ముకొని యుండెను. ఇంజనీర్లు స్వయముగా కేంద్రములకు పోవలసివచ్చెను. కావలి కట్టుదిట్టములు దాటుటకే కాలము పట్టెను. సేవలు మరల మొదలగుటకు సుమారు ఆరు గంటలు గడచెను.

దీనికి మందు సులభమే. పెత్తనపు సర్వరు ఏ యంత్రముపై నుండునో ముందే నిర్ణయింపవలెను. దానిని చేరుటకు దాని యాజ్ఞకు లోబడని వేరు స్విచ్చి, వేరు తీగ యుండవలెను. యంత్రముల చిరునామా అంకెలును, నెట్‌వర్కు లేకున్నను చెల్లు సంకేతపదమును కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరుపవలెను. ముందేది లేపవలెనో, తరువాతేది లేపవలెనో ఆ క్రమమును వ్రాసి, ఏటికొకమారైన ఆపి, లేపి చూడవలెను. పరీక్షింపని యుపాయము ఉపాయము కాదు.

ఇది మనకేల యందురా? మన పూడూరు రైతుల భూముల లెక్కలు 2020 నుండి ధరణిలోను, 2025 నుండి భూభారతిలోను కంప్యూటర్ల యందే యున్నవి. అవి నిలిచిన దినమున తహసీలు కార్యాలయమున రిజిస్ట్రేషనును నిలుచును. వచ్చిన రైతు వట్టిచేతులతో మరలును. కావున యంత్రముల గొప్పతనము నెవరైన వర్ణించినపుడు, ఒక్క ప్రశ్న యడుగుడు: “అన్నియు నాగిన నాడు తాళపుచెవి యెక్కడ నుండును?”