పండు ముందు, పువ్వు తరువాత

వేసవి సాయంకాలము ఏలూరు బజారులో ఒక ప్రక్క అరటిగెలలు, మరొక ప్రక్క మల్లెమొగ్గల బుట్టలు కనిపించును. అట్టి పండ్ల వాసనను, పూల వాసనను ఒకే సీసాలో కూర్చిన సెంట్లు కలవు. అంగడిలో మూత తీయగానే పండువలె కమ్మగా తోచిన సెంటు, ఇల్లు చేరునప్పటికి పూల వాసన వేయును. అమ్మినవాడు మోసగించెనా? లేదు, అది బాష్పీభవన ధర్మము.

వాసన ముక్కును చేరవలెనన్న ద్రవ్యము ఆవిరి కావలెను. అరటిపండు వాసనకు ముఖ్యకారణమైన ఐసో ఎమైల్ ఎసిటేటు 142 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. మల్లెలోని బెంజైల్ ఎసిటేటు సుమారు 212 డిగ్రీల వద్ద, ఇండోలు 254 డిగ్రీల వద్ద మరుగును. మరుగుస్థానము తక్కువైన ద్రవ్యము సాధారణముగా ముందు ఎగిరిపోవును. కనుక మొదట పండు, తరువాత పువ్వు, చివరకు చందనము వంటి బరువైన ద్రవ్యముల వాసన మిగులును. కొన్ని లాక్టోనులు మాత్రము పండు వాసన గలవే అయినను చాలసేపు నిలుచును.

అందుచేత మూత వద్ద వాసన చూచి సెంటు కొనరాదు. ముంజేతిపై ఒక చుక్క రాసుకొని, అరగంట తరువాత మరల చూడవలెను. రోజంతయు మనతో నుండునది ఆ రెండవ వాసనయే.

కొల్లేటి సీమలో గాలి తేమగా నుండుటచే చెమట త్వరగా ఆరదు. చెమటకంపును సెంటు పోగొట్టలేదు. స్నానము చేసి, ఒళ్ళు తుడుచుకొని రాసుకొనవలెను. ఎండవేడికి సెంటు వేగముగా ఆవిరియగును గనుక మొదట ఘాటుగా నుండును. ఒకటి రెండు చుక్కలు చాలును.

చేపల బజారులోనికి కొత్తగా వచ్చినవానికి నీచువాసన మొదట భరింపరానిదిగా నుండి, కొంతసేపటికి తెలియనే తెలియదు. ముక్కు అలవాటుపడుటయే దీనికి కారణము. సెంటు పూసుకొన్నవారును అట్లే తమ వాసనను గుర్తింపలేక మరికొంత పూసుకొందురు. కిక్కిరిసిన తరగతిలో అది ప్రక్కన కూర్చున్న ఉబ్బసరోగికి ఆయాసము తెప్పింపవచ్చును. బెర్గమాట్ వంటి కొన్ని నిమ్మజాతి తైలములు రాసిన చోట ఎండ తగిలిన, చర్మము కంది మచ్చలు పడవచ్చును. సెంట్లలో పెక్కింటికి ఆల్కహాలే ఆధారము గనుక దీపము దగ్గర చల్లరాదు.

తాడేపల్లిగూడెము బడిలోనైనను, మరెచ్చటనైనను ఉపాధ్యాయులు ఈ ప్రయోగము సులభముగా చేయింపవచ్చును. రెండు వడపోత కాగితపు ముక్కలపై ఒకే సెంటును చుక్క చొప్పున వేసి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంచవలెను. వెంటనే, పది నిమిషములకు, గంటకు వాసన చూచి విద్యార్థులు వ్రాసికొనవలెను. పండు ఎప్పుడు పోయినదో, పువ్వు ఎంతసేపు నిలిచినదో ఆ పట్టికయే చెప్పును.