సంఘం కంప్యూటరుకు కాపలా - పాల పూట జాప్యం

మన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలలో చాలా చోట్ల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అన్నీ కంప్యూటరులోనే నమోదవుతున్న సంగతి సభ్యులకు తెలిసినదే. సరిగ్గా ఉదయం పాల వేళకే ఆ కంప్యూటరు మొరాయిస్తున్నదనీ, చీటీ రావడానికి నిమిషాలు పడుతున్నదనీ, వరుసలో క్యాన్లు అట్లాగే నిలిచిపోతున్నవనీ తనిఖీలకు వెళ్లినప్పుడు పలు చోట్ల వింటున్నాము. "యాంటీవైరస్ పెట్టించినప్పటి నుంచే ఇట్లా అయిందండీ" అని కార్యదర్శులు చెబుతారు. కొందరు దానిని తీసివేశారు కూడా. వారు చెప్పే కారణంలో కొంత నిజం ఉన్నది. తీసివేయడం మాత్రం ప్రమాదం.

యాంటీవైరస్ చేసే పనిని ముందు తెలుసుకుందాము. మనం తెరిచే ప్రతి ఫైలునూ అది పక్కనుండి పరీక్షిస్తుంది. తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లతో పోల్చి చూస్తుంది. ఆ ఆనవాళ్ల పట్టీ ఇంటర్నెట్ ద్వారా ఎప్పటికప్పుడు కొత్తది రావాలి. ఎరుగని ఫైలు కనబడితే తయారీ కంపెనీ సర్వరును అడిగి తెలుసుకుంటుంది. కొన్ని రకాలు బ్యాంకు పేజీల వంటి రక్షిత పేజీలను సైతం విప్పి చూసి లోపలికి వదులుతాయి. ఇవి కాక, వారానికి ఒకసారో మరెప్పుడో డిస్కులోని ఫైళ్లన్నిటినీ గాలించే పూర్తి తనిఖీ ఉంటుంది.

కనుక జాప్యం రెండు రకాలు. ఒకటి యంత్రం లోపలిది, రెండవది లైనుది. తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం చాలా సంఘాలలో తీగ ద్వారానే కంప్యూటరుకు కలిపి ఉంటాయి. అటువంటి చోట చీటీకి ఇంటర్నెట్‌తో పని లేదు. చీటీ ఆలస్యమైతే లోపం యంత్రంలో చూడాలి. చీటీ వెంటనే వచ్చి, లెక్కలు యూనియన్‌కు చేరడమే ఆలస్యమైతే లైనును చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సి.పి.యు., డిస్క్, నెట్‌వర్క్ అనే గడులలో ఏది నిండిందో, ఏ ప్రోగ్రాము నింపిందో అందులోనే కనబడుతుంది. ఇంత తేలికైన పరీక్ష చేయకుండానే లైను మార్పించి డబ్బు పోసుకున్న సంఘాలు ఉన్నవి.

లైను లెక్క కూడా చూడండి. 2 ఎం.బి.పి.ఎస్. లైను అంటే సెకనుకు 2 మెగాబిట్లు. ఫైళ్ల కొలత మెగాబైట్లలో ఉంటుంది. ఒక బైటుకు 8 బిట్లు. 100 మెగాబైట్ల ఫైలు దిగడానికి, లైను మొత్తం దానికే ఇచ్చినా, 400 సెకన్లు, అనగా దాదాపు 7 నిమిషాలు కావాలి. ఒకే లైనుపై 5 కంప్యూటర్లున్న శీతలీకరణ కేంద్రంలో అయిదూ ఆ ఫైలునే విడివిడిగా దించుకుంటే 33 నిమిషాలు. ఆ వేళకే బ్యాంకుకు పంపవలసిన బిల్లుల పట్టీ ఉంటే అది మధ్యలో చిక్కుకుంటుంది. ఇటువంటి చోట ఒక కంప్యూటరు దించుకొని మిగతావాటికి పంచే ఏర్పాటు వ్యాపార సంస్థలకు అమ్మే రకాలలో సాధారణంగా ఉంటుంది. అమ్మినవారిని అడిగి పెట్టించుకోవాలి.

ఇక ఉదయం పూటే ఎందుకు? రాత్రి కంప్యూటరు ఆపివేస్తాము. అర్ధరాత్రికి పెట్టిన తనిఖీ జరగదు. తెల్లవారి మీట వేయగానే తప్పిపోయిన తనిఖీ, కొత్త పట్టీ, విండోస్ మార్పులు అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. అప్పటికే మొదటి క్యాను తూకంపై ఉంటుంది! పూర్తి తనిఖీని పగలు 11 గంటల తరువాత, సాయంత్రం పాలకు ముందే ముగిసేటట్లు పెట్టుకొని, ఆ సమయంలో యంత్రాన్ని నడవనివ్వాలి. ఉదయం పాలకు అరగంట ముందుగా మీట వేయాలి. మా అనుభవంలో చాలా ఫిర్యాదులు ఇంతటితోనే తీరినవి.

రెండు యాంటీవైరస్‌లు ఒకే యంత్రంలో ఉంచరాదు; ఒకదాని పనిని మరొకటి మళ్లీ తనిఖీ చేస్తూ రెండూ డిస్కును పీడిస్తాయి. పాల ప్రోగ్రాము దత్తాంశం ఉన్న ఫోల్డరు ఒక్కదానికి, ఆ ప్రోగ్రాము ఇచ్చినవారి సలహాపై మాత్రమే మినహాయింపు ఇవ్వవచ్చు. డిస్కు మొత్తానికి గాని, పెన్ డ్రైవ్‌కు గాని ఇవ్వకూడదు. ఊరంతా తిరిగి వచ్చే పెన్ డ్రైవ్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ 150కి పైగా దేశాలలో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాత పడినవి. దానికి విరుగుడు మార్పును మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. బిల్లుకు ముందురోజు మన లెక్కలకు అట్లా తాళం పడితే ఎవరి పాలు ఎన్ని లీటర్లో చెప్పేదెవరు?

కాపలాదారే దారికి అడ్డం పడిన సందర్భమూ ఉన్నది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన తప్పు మార్పుతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. కావున పాత చీటీ పుస్తకాన్నీ, చేతి రిజిస్టరునూ అటక ఎక్కించవద్దు.

తనిఖీ వేళ, లైసెన్సు గడువు తేదీ, చివరిసారి లెక్కల నకలు తీసిన తేదీ ఒక కాగితంపై వ్రాసి కంప్యూటరు పక్క గోడకు అంటించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము. రాబోయే తనిఖీలలో రిజిస్టర్లతో పాటు ఆ కాగితాన్నీ చూస్తాము.