వార్తల్లో పదం: వారబందీ
రబీలో సాగర్ కాల్వల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. చాలీచాలని నీళ్లను వంతులవారీగా పంచడమే వారబందీ.

పంజాబ్, హర్యానా కాల్వల కింద ఇది పాత పద్ధతి. సాధారణంగా వారానికో చుట్టు. పొలం విస్తీర్ణాన్ని బట్టి ఎవరికెంతసేపో ముందే రాసి ఉంటుంది. ఆ కాసేపూ పిల్లకాల్వ నీరంతా ఆ రైతుదే. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా ఏటా వేళలు మారుస్తారు. ఈ ధర్మబుద్ధి నాకెంతో నచ్చుతుంది.

మన దగ్గర ఎక్కువగా కాల్వలకే వంతులు: కొన్నాళ్లు వదిలి, కొన్నాళ్లు ఆపుతారు. చిక్కు అక్కడే. ఎగువన మోటార్లు పెట్టి తోడేస్తే చివరి ఆయకట్టు ఎండుతుంది. పంపకంలో రైతులకే బాధ్యత ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టం తెచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. సంఘం పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడగొట్టడంతో చివరి భూములవారికీ కమిటీలో చోటు దొరికింది.