మీకు తెలుసా? బైండర్ కొనే ముందు కొలత టేపు తీయండి

పుట్టినప్పుడు ఆడపిల్లలుగా నమోదైనా తమను మగవాళ్లుగానో, మగవైపుగానో గుర్తించుకునే ట్రాన్స్ మెన్, ట్రాన్స్ మాస్క్యులిన్ వ్యక్తులు ఛాతీ చదునుగా కనిపించడానికి చొక్కా లోపల వేసుకునే బిగుతు బనియన్‌ను బైండర్ అంటారు. అద్దంలో తమ రూపం తమదిగా కనబడితే వాళ్లకు మనసు కుదుటపడుతుంది. ఆ కుదురు కోసం ఒళ్లు హూనం చేసుకుంటున్న పిల్లలు మన హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉన్నారు. వాళ్లకు తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ‘మీకు తెలుసా?’ పూర్తిగా వాళ్లకోసం.

ఒక సైజు చిన్నది కొంటే ఛాతీ మరింత ఎత్తుగా కనబడుతుందని మీకు తెలుసా? ఎంత బిగిస్తే అంత చదునవుతుందనుకుని చాలామంది చిన్న సైజే ఆర్డర్ పెడతారు. లోపల పట్టని కండ చంకల పక్కనుంచి, మెడ అంచు పైనుంచి తోసుకొస్తుంది. కింది అంచు చుట్టుకుంటూ పైకి లేస్తుంది. చొక్కా వేశాక ఛాతీ మీద అడ్డంగా ఒక గీత, దాని పైన ఉబ్బు తేలిపోతాయి. సరైన సైజులో అయితే కండ పక్కలకూ కొద్దిగా కిందికీ పరుచుకుంటుంది. వేసుకున్నాక లోపలికి చెయ్యి పెట్టి సర్దుకోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

కొలతలు మూడు. ఛాతీ బాగా నిండుగా ఉన్న చోట చుట్టుకొలత, దాని కింద పక్కటెముకల మీద చుట్టుకొలత, ఈ భుజం అంచు నుంచి ఆ భుజం అంచు దాకా వెడల్పు. నిటారుగా నిలబడి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ కొలవండి. టేపు ఒంటికి ఆనితే చాలు, లాగి పట్టొద్దు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ కావచ్చు కాబట్టి ఎవరి సైజు చార్టు వాళ్లదే చూసుకోవాలి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి. ఎదిగే వయసు వాళ్లు కొన్ని నెలలకోసారి మళ్లీ కొలుచుకోవాలి.

పార్సిల్ వచ్చిన రోజే బయటికి వేసుకెళ్లకండి. గదిలో తలుపేసుకుని వేసుకోండి. తలమీంచి దూర్చుకోవడం కష్టమైతే లోపలివైపు బయటికి తిప్పి, తలకిందులు చేసి, కాళ్ల నుంచి నడుం దాకా లాక్కోండి. అక్కణ్ణుంచి అంచు పట్టుకుని పైకి తిప్పుతూ చేతులు దూర్చుకోవచ్చు. ఇక ఓ పది నిమిషాలు మామూలు పనులు చేయండి. గుండెల నిండా గాలి పీల్చండి. రెండు చేతులూ పైకెత్తండి. వంగి చెప్పులు తొడుక్కోండి. మెట్లెక్కండి. స్నేహితుడికి ఫోన్ చేసి మాట్లాడండి. మాట మధ్యలో ఊపిరికి ఆగాల్సి వచ్చిందా, ఆ సైజు మీకు పనికిరాదు, మార్చుకోండి. వేళ్లు తిమ్మిరెక్కినా, పక్కటెముకల్లో పొడిచినట్టున్నా అంతే. సరిపోయిందనుకున్నదాన్ని కూడా మొదటి రోజుల్లో రెండు మూడు గంటలకు మించి ఉంచుకోకండి.

చాలాకాలం ట్రాన్స్ మెన్ వేసుకున్న బైండర్లు వాళ్లకోసం కుట్టినవి కావని తెలుసా? మగవాళ్లలో రొమ్ము పెరిగే గైనకోమాస్టియా ఉన్నవాళ్లకోసం చేసిన కంప్రెషన్ బనియన్లే వాళ్లకు దిక్కయ్యాయి. అమెరికాలో అండర్‌వర్క్స్ కంపెనీవి అలా వాడుకలోకి వచ్చినవే. 2015లో మార్లీ వాషింగ్టన్ అనే ట్రాన్స్ మ్యాన్, తనే డిజైనర్ కావడంతో, అక్కడే జీసీటూబీ అనే సంస్థ పెట్టి ట్రాన్స్ వాళ్ల ఒంటికి తగ్గట్టు బైండర్లు తయారుచేయించాడు. రకరకాల ఒంటి రంగుల్లో కూడా తెచ్చాడు. మంచి బైండర్‌ను పట్టుకుని లాగి చూస్తే దాని పనితనం తెలిసిపోతుంది. ఛాతీ మీద ఆనే ముందు భాగం సాగదు, వెనక బట్ట సాగుతుంది. చుట్టూతా ఒకే తీరుగా బిగపట్టే బట్టలో ఊపిరికి చోటుండదు. మన దేశంలోనూ ఇప్పుడు బైండర్లు కుట్టి అమ్మేవాళ్లున్నారు.

ఒంటి రంగు అన్నాను కాబట్టి ఒక చిన్న సంగతి. తెల్ల యూనిఫాం చొక్కా కింద తెల్ల బైండర్ ఇట్టే తెలిసిపోతుంది. మీ చామనఛాయకు దగ్గరగా ఉన్న రంగు అయితే కనబడదు.

ఇప్పుడు క్రేప్ బ్యాండేజ్ మాట. మందుల షాపులో చవగ్గా దొరుకుతుంది, ఎందుకని ఎవరూ అడగరు. అందుకే మనవాళ్లు ముందు దాని జోలికే పోతారు. అది బెణికిన మడమకో మోకాలికో చేసిన పట్టీ. వాపు ఎక్కకుండా నొక్కిపట్టడమే దాని పని. మన పక్కటెముకలేమో రోజుకు సుమారు 20 వేలసార్లు విచ్చుకుని ముడుచుకోవాలి. చుట్టూ ఆ పట్టీ ఉంటే ప్రతి శ్వాసా దానితో పెనుగులాటే. నడిచేకొద్దీ చుట్లు జారి ఒకచోట పేరుకుంటాయి, అక్కడ చర్మం ఒరుసుకుపోతుంది. ప్యాకింగ్ టేపు, ప్లాస్టిక్ షీటు, బిగించి ముడేసిన చున్నీ ఏవీ దీనికి తీసిపోవు. దయచేసి వీటిని మానేయండి. బైండర్‌కు డబ్బు కూడే దాకా సరైన సైజు స్పోర్ట్స్ బ్రా ఒకటి, పైన కాస్త వదులైన ముదురు రంగు చొక్కా వేసుకోవడం ఎంతో నయం. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుంటే మాత్రం మళ్లీ అదే బిగుతు, అదే బాధ.

బైండర్ గురించి పెద్ద ఎత్తున అడిగి తెలుసుకున్న అధ్యయనం ఒకటుంది. సారా పీట్జ్‌మైయర్ బృందం ఛాతీ బిగించుకునే 1,800 మందిని ప్రశ్నించింది. ఫలితాలు 2017లో ‘కల్చర్, హెల్త్ అండ్ సెక్సువాలిటీ’ పత్రికలో అచ్చయ్యాయి. 97 శాతం మందికి పైగా ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. సగానికి మించి వెన్నునొప్పి అన్నారు, దాదాపు అంతేమంది ఒళ్లు వేడెక్కిపోతోందన్నారు. మనసు తేలికపడిందని, నలుగురిలోకి వెళ్లే ధైర్యం వచ్చిందని చెప్పింది కూడా వాళ్లే. ఈ రెండో మాట వినకుండా ‘మానెయ్’ అని చెప్పేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆ అధ్యయనంలో అందరూ గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. ఇబ్బందులతో గట్టిగా ముడిపడి కనిపించింది వారంలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారన్నది. ఎనిమిది గంటలు దాటొద్దనే నియమం ప్రచారంలో ఉంది, అదీ మంచిదే. అయితే గంటలు లెక్కపెట్టుకుంటూ ఏడు రోజులూ వేసుకునేవాళ్లు చాలామంది. వారానికి ఒకటి రెండు రోజులైనా ఒంటికి సెలవివ్వండి. ఆదివారం గదిలోనే ఉంటారనుకుంటే వదులు టీషర్టు చాలు. నిద్రలో అసలొద్దు. పరుగు, జిమ్, కబడ్డీ లాంటి ఒగర్చే పనులప్పుడూ వద్దు. సాయంత్రం తీసేశాక భుజాలు వెనక్కి తిప్పి, నిండుగా గాలి పీల్చి, ఒకటి రెండుసార్లు దగ్గండి.

మన ఎండల సంగతి అమెరికా చార్టుల్లో ఉండదు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మామూలు బనియనే తడిసి ముద్దవుతుంది. బైండర్ కింద చెమట ఆగిపోతే చెమటకాయలు, తామర రావచ్చు. లోపల పల్చటి నూలు బనియన్ వేసుకుని దాని మీద బైండర్ వేసుకోవచ్చు. రెండు బైండర్లుంటే మార్చి మార్చి వాడొచ్చు. చన్నీళ్లతో చేత్తో ఉతకండి, మెలిపెట్టి పిండకండి, నీడన ఆరేయండి. హాస్టల్ దండెం మీద వేయడానికి భయపడి తడిదాన్నే తొడుక్కునేవాళ్లున్నారు. తువ్వాలు కింద కప్పి ఆరేయండి, తడిది మాత్రం వేసుకోకండి. ఉక్క మరీ ఎక్కువైన రోజున ఆ రోజుకు సెలవే మంచిది.

కొందరు బైండర్‌కు బదులు ఒంటికి అంటించే టేపు వాడతారు. జపాన్‌కు చెందిన కెంజో కాసే 1970లలో కండరాల కోసం రూపొందించిన కినీసియాలజీ టేపు ఈ పనికీ వస్తోంది. దాన్ని ఒక్కో వైపు విడిగా, ముందునుంచి చంక దిశగా అంటించాలి. ఒంటి చుట్టూ ఎప్పుడూ చుట్టకూడదు. చనుమొన మీద మెత్తటి గాజుగుడ్డ ముక్క పెట్టాలి. ముందు చిన్న ముక్క అంటించి ఒక రోజు చూడండి. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి నానబెట్టి మెల్లగా ఊడదీయండి.

ఉబ్బసం, వెన్ను వంకర, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. బైండర్ తీసేశాక కూడా ఊపిరి తీస్తే నొప్పి పొడుస్తుంటే ఆలస్యం చేయకండి. డాక్టర్ దగ్గర బైండర్ సంగతి దాచకండి, దాస్తే నొప్పికి కారణం దొరకదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల బీరువాలో బ్యాండేజ్ చుట్టలు కనబడితే కోప్పడి పారేయకండి. రేపు ఇంకోటి తెచ్చుకుని మీ కంట పడకుండా ఇంకా గట్టిగా చుట్టుకుంటారు. దగ్గర కూర్చోబెట్టుకుని ఊపిరి ఆడుతోందా, నొప్పి ఉందా అని అడగండి. సరైన కొలతతో ఒక బైండర్ మీరే కొనివ్వండి.